మాయమైన పానగృహము: పూర్వుల జాడ తీయు విధము

ఇంగ్లండు దేశమున తమ వంశచరిత్రను వెదకుకొను కుటుంబములలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "మా ముత్తాతగారు ఒక పబ్బు నడిపెడివారట." ఆ మాట వెంట ఒక పబ్బు పేరును, ఒక ఊరి పేరును వచ్చును. ఎఱ్ఱ సింహమనియో, కిరీటమనియో, గంట యనియో ఆ పేరుండును. తీరా ఆ ఊరికి పోయి చూచినచో ఆ యిల్లుండదు. ఒక్కొక్కచో ఆ వీధియే యుండదు. పానగృహమున్న తావున మోటారుబండ్ల దారియో, బ్యాంకియో, అంతస్తుల మేడయో నిలిచియుండును. మిగిలినది నోటిమాట ఒక్కటే. ఆ నోటిమాటను చేతబట్టుకొని, కాగితములలో దాగియున్న యింటిని మరల ఎట్లు కనుగొనవచ్చునో, అట్లు కనుగొనుటవలన ఆ కుటుంబమునకు దక్కునదేమో శ్రోతలకు విన్నవింపదలచితిమి.

పబ్బు అనగానే మనవారికి కల్లుపాకయో సారాదుకాణమో స్ఫురించుట సహజము. త్రాగుడును మెచ్చుకొనుట మా యుద్దేశము కాదు. కాని ఆ దేశపు పానగృహమున జరిగిన పనులన్నియు త్రాగుడే యని తలచుట పొరపాటగును. బాటసారికి పడక, గుఱ్ఱమునకు మేత అచ్చటనే దొరకెడివి. ఊరిలో ఎవరైన అనుమానాస్పదముగా మరణించినచో విచారణాధికారి పంచాయతీదారులను పిలిపించి విచారణ జరుపుటయు తరచుగా పబ్బులోని పెద్దగదిలోనే. పొలములు వేలము వేయుట, కూలీలకు కూలి పంచుట, శ్రామికులు తమలో తాము చందాలు కూడబెట్టుకొని జబ్బుపడినవారికి, చనిపోయినవారి కుటుంబములకు సాయపడు సహాయ సంఘములు సమావేశమగుట, ఇవన్నియు అక్కడనే. మన రచ్చబండ, పూటకూళ్ళ ఇల్లు, కల్లుపాక ఒకే కప్పు క్రిందికి చేరినవనుకొన్నచో ఆ సంస్థ స్వరూపము కొంత బోధపడును. అట్టి యింటిని నడిపినవాడు ఊరందఱికి తెలిసిన మనిషి. అందువలననే అతని జాడ కాగితములపై మిగిలియుండుటకు అవకాశము హెచ్చు. నేతగాడు, కూలివాడు చట్టము కంటబడకుండ బ్రతికి వెడలిపోవచ్చును. పానగృహ యజమాని మాత్రము ఏటేట అధికారుల యెదుట నిలిచి అనుమతి పొందవలసినవాడు.

పూర్వము ఈ గృహములు మూడు తెగలుగా నుండెడివి. బసయు భోజనమును ఇచ్చునది 'ఇన్'. ద్రాక్షసారాయము అమ్మునది 'టావర్న్'. ధాన్యము నానబెట్టి కాచిన 'ఏల్' అను పానీయమును మాత్రము అమ్మునది ఏల్‌హౌసు. మొదటిది సంపన్నుల వ్యాపారము. చివరిది పేదవాని యింటి ముందుగదిలోనైనను నడచెడిది. కాలక్రమమున ఈ భేదములు చెరగి, 'పబ్లిక్ హౌస్' అను ఒక్క పేరు నిలిచినది. దానికి కుఱుచ రూపమే పబ్బు. చదువురాని జనులకు గుర్తుగా నుండుటకై గుమ్మముపై బొమ్మపలక వ్రేలాడదీయుట ఆచారము. 1393లో రెండవ రిచర్డు రాజు కాలమున లండనులో ఏల్ అమ్మువారు గుర్తుపలక కట్టవలెనను నిర్బంధము కలిగినది. ఈ బొమ్మలే పేర్లైనవి. ఐతే ఎఱ్ఱ సింహములును, కిరీటములును దేశమంతట వందలకొలదిగ కలవు. ఒకే పట్టణమున ఒకే పేరుగల యిండ్లు రెండు మూడు ఉండుటయు కద్దు.

కావున జాడ తీయువారు గుర్తుంచుకొనవలసిన మొదటి సూత్రమిది: పలకను వెంబడింపక మనిషిని వెంబడింపవలెను. పలక మారును, ఇల్లు మారును, వీధి పేరు మారును. మనిషి పేరు, అతడు నివసించిన పారిషు అనగా చర్చి పరిధిలోని గ్రామభాగము, అతడు బ్రతికిన కాలము, ఈ మూడును ముందుగా స్థిరపఱచుకొనవలెను. బిడ్డల జ్ఞానస్నానపు పుస్తకములలోను, వివాహపు పుస్తకములలోను తండ్రి వృత్తి వ్రాయు ఆచారము పందొమ్మిదవ శతాబ్దమున స్థిరపడినది. ఒక బిడ్డ పుట్టినపుడు తండ్రి వడ్రంగియనియు, తరువాతి బిడ్డనాటికి పబ్బు యజమాని యనియు ఉన్నచో, ఆ రెండు తేదీల నడుమ అతడు గుమ్మముపై తన పేరు వ్రాయించుకొన్నాడని తేలును. వెదకవలసిన కాలము నలువదేండ్లనుండి నాలుగేండ్లకు కుదించుకొనిపోవును.

పేరు మారుటకు ప్రసిద్ధమైన ఉదాహరణమొకటి. లండనులో థేమ్సు నదికి దక్షిణపుటొడ్డున సదర్క్ అను పేటలో 'టాబర్డ్' అను బస ఉండెడిది. పదునాలుగవ శతాబ్దపు కవి చాసరు తన 'కాంటర్బరీ కథల'లో యాత్రికులను కూడగట్టినది ఆ యింటిముంగిటనే. ఆ కావ్యములోని బస యజమాని హారీ బెయిలీ కేవలము కవికల్పితుడు కాడు. 1380–81 నాటి పన్ను పట్టికలో సదర్క్ పేటయందు హెన్రీ బెయిలిఫ్ అను బస యజమాని పేరును, అతని భార్య పేరును కానవచ్చుచున్నవి. 1676లో సదర్క్ పేట అగ్నికి ఆహుతియైనపుడు ఆ యిల్లును కాలినది. మరల కట్టినపుడు దానికి 'టాల్బట్' అను పేరు వచ్చినది. 1873లో దానిని పడగొట్టిరి. నేడు అచ్చట టాల్బట్ యార్డు అను ఇఱుకు సందు మాత్రము మిగిలియున్నది. టాబర్డ్ అను పేరునే పట్టుకొని పదునెనిమిదవ శతాబ్దపు కాగితములు తిరగవేసినవానికి ఏమియు దొరకదు. ఇల్లు లేకపోలేదు, పేరు మారినది, అంతియే. మహాకవి చేత చిరస్మరణీయమైన యింటికే ఈ గతి పట్టగా, ఊరి చివరనున్న సామాన్యుని పబ్బు సంగతి వేఱుగ చెప్పనేల?

ఇక చట్టము మిగిల్చిన కాగితముల మాట. 1552లో ఆఱవ ఎడ్వర్డు రాజు కాలమున ఒక శాసనము వచ్చినది. దాని ప్రకారము ఏల్‌హౌసు నడుపగోరువాడు ఇద్దఱు మేజిస్ట్రేటులవద్ద అనుమతి పొందవలెను. అంతేగాక, తన యింట జూదము, అల్లరి జరుగనీయనని ముచ్చిలిక వ్రాసి, జామీనుదారులను చూపవలెను. 1753 నాటి శాసనము దీనికి మఱింత కట్టుదిట్టము కల్పించినది. ఈ ముచ్చిలికలన్నింటిని ఏటేట ఒక రిజిస్టరులో ఎక్కించి భద్రపఱచుట జిల్లా న్యాయసభల గుమాస్తాకు విధియైనది. అందుచేత 1753 మొదలు 1828 వఱకు గల డెబ్బదియైదేండ్ల కాలము జాడ తీయువారికి పాడియావు వంటిది. ఆ రిజిస్టరులలో యజమాని పేరు, పారిషు, జామీనుదారుల పేర్లు, ముచ్చిలిక మొత్తము ఉండును. కొన్ని జిల్లాలలో ఇంటి గుర్తుపలక పేరుకూడ ఉండును. ఇవి నేటికిని ఆయా కౌంటీల దస్తావేజు భాండాగారములలో దొరకును.

ఈ రిజిస్టరును చదువుటలో నొక మెళకువ కలదు. మన పూర్వుని పేరు చూచి ఆగిపోరాదు. అతనికి జామీనుండినవాడెవడో చూడవలెను. తఱచుగా అతడు ఇరుగుపొరుగు పబ్బు యజమానియో, మామగారో, బావమఱదియో అయియుండును. ఒకరికొకరు జామీనులుండుట ఆ వృత్తివారి వాడుక. ఈ ఏడు వీనికి వాడు, వచ్చే ఏడు వానికి వీడు. జామీనుదారుని వెంబడించినచో వివాహ సంబంధములు బయటపడును. ఒక యేడు రిజిస్టరులో పేరు మాయమై, మఱుసటి యేడు అదే పలక క్రింద మఱియొక పేరు వచ్చినచో ఆ నడుమ మరణమో, అప్పులో, వలసయో జరిగియుండవలెను. అపుడు సమాధుల పుస్తకమును తెఱవవలెను.

1828లో వచ్చిన క్రొత్త శాసనము ముచ్చిలిక పద్ధతిని తొలగించినది. దానితో రిజిస్టరు వ్రాయవలసిన నిర్బంధమును పోయినది. 1830లో బీరు శాసనము వచ్చినది. జిన్ను అను ఘాటైన సారాయినుండి పేదలను బీరువైపు త్రిప్పవలెనని, వ్యాపారమున పోటీ పెంచవలెనని పార్లమెంటువారి యుద్దేశము. ఇంటిపన్ను చెల్లించువాడెవడైనను రెండు గినీలు ఎక్సైజు శాఖకు కట్టి, మేజిస్ట్రేటు ముఖము చూడకయే, తన యింట బీరు అమ్ముకొనవచ్చునని శాసించిరి. కొలది నెలలలోనే ఇరువదివేలకు పైగా బీరు ఇండ్లు తెఱువబడినవి. చెప్పులు కుట్టువాడు, కమ్మరి, విధవరాలు, ఎవరి ముందుగదిలో వారు పీపా పెట్టి వ్యాపారము మొదలిడిరి. ఎక్సైజు వారి అనుమతి పత్రములలో మిగిలినవి బహుస్వల్పము. మేజిస్ట్రేటుల అదుపు 1869లో మరల వచ్చినది. 1872 శాసనముచే లైసెన్సు రిజిస్టరులు మరల తప్పనిసరియైనవి. కనుక 1828కిని 1869కిని నడుమ పబ్బు నడిపిన పూర్వుని జాడకు వేఱు దారులు త్రొక్కవలసియున్నది.

ఆ దారులలో మొదటిది జనాభా లెక్క. 1841 మొదలు పదేండ్లకొకమారు ఇంటింటి మనుష్యుల పేర్లతో వ్రాసిన పుస్తకములు ఇంగ్లండులో కలవు. నూఱేండ్లు గడచినపిమ్మట వానిని ప్రజలకు తెఱచుదురు. 1921 నాటి లెక్క 2022 జనవరిలో వెలువడినది. 1931 నాటి పుస్తకములు 1942లో అగ్నిప్రమాదమున భస్మమైనవి. యుద్ధమువలన 1941లో లెక్క తీయనేలేదు. ఆ లోటును కొంతవఱకు 1939 సెప్టెంబరు 29వ తేదీన యుద్ధారంభమున తీసిన జాతీయ రిజిస్టరు పూరించుచున్నది. ఈ లెక్కలలో పబ్బు యజమాని కొక్కటే పేరుండదు. లైసెన్సుగల విక్చువలరు, ఇన్‌కీపరు, పబ్లికను, బీరు విక్రేత, ఇట్లు పలువిధముల వ్రాయుదురు. బీరు విక్రేత యన్నచో 1830 శాసనమువలన పుట్టిన చిన్న యింటివాడని ఊహింపవచ్చును. పెక్కుమంది రెండు వృత్తులు సాగించిరి. పగలు భర్త కొలిమివద్ద, భార్య పీపావద్ద. లెక్క వ్రాయువాడు కమ్మరి యని మాత్రమే వ్రాసియుండవచ్చును. కావున వృత్తి సరిపడలేదని ఆ కుటుంబమును విడిచిపెట్టరాదు. ఆ యింట పనిపిల్లలు, గుఱ్ఱపువాడు, అద్దెకున్న కూలీలు నలుగురైదుగురు ఉన్నచో అదియొక సూచన. లెక్క వ్రాయువాడు నడచిన దారిని కూడ గమనింపవలెను. ఇరుప్రక్కల యిండ్లవారు ఏయే దుకాణములు నడిపిరో తెలిసినచో పబ్బు వీధిలో ఏ తావున నుండినదో తేలును.

పదేండ్ల నడుమ ఖాళీని వ్యాపార డైరెక్టరీలు నింపును. పిగట్ వారివి, కెల్లీ వారివి ప్రసిద్ధములు. ఊరివారీగా, వృత్తివారీగా పేర్లిచ్చు పుస్తకములివి. పెద్ద పబ్బులను పలక పేరుతో సహా ఇత్తురు. చిన్న బీరు ఇండ్లవారిని 'బీరు అమ్మకందారు' అని మాత్రము వ్రాసి, పలక పేరును విడిచివేయుదురు. డైరెక్టరీలోని సమాచారము అచ్చుకు కొన్ని నెలలకు ముందే సేకరించినదగుటచే, అట్టపై నున్న సంవత్సరమును అక్షరాల నమ్మరాదు.

వార్తాపత్రికలు మఱియొక గని. పూర్వపు జిల్లా పత్రికలలో మరణ విచారణల వార్తలు కొల్లలు. "ఫలానావారి గృహమైన ఫలానా గుర్తుగల యింట విచారణ జరిగినది" అనునది ఆ వార్తల ఎత్తుగడ. మనిషి పేరును పలక పేరును ఒక్క వాక్యమున జోడించి తేదీతో సహా ఇచ్చు సాక్ష్యము ఇంతకన్న వేఱేమి కావలెను? ఈ వాడుక 1902 నాటి శాసనము పిదపనే అడుగంటినది. వేలము ప్రకటనలు, ఏటి లైసెన్సు సభల వార్తలు, లైసెన్సు ఒకరినుండి ఒకరికి మారిన వివరములు, కాలము మించి అమ్మినందుకు పడిన జరిమానాలు, ఇవియు పత్రికలలో వచ్చెడివి. 2011 నుండి ఈ పత్రికలు లక్షలాది పుటలుగా కంప్యూటరుపై చదువ వీలగుటచే, మునుపు నెలలు పట్టెడు పని నేడు ఒక సాయంకాలమున ముగియుచున్నది. ఐనను ఒక హెచ్చరిక: యంత్రము పాత అచ్చును తప్పుగా చదువుట తఱచు. పేరు దొరకనిచో పలకను, పలక దొరకనిచో వీధిని వెదకవలెను.

ఇంటి పేరు, మనిషి పేరు కలిసినవి. ఇక ఆ యిల్లు నేల మీద ఎచ్చట? ఇచ్చట పెద్ద చిక్కు వీధి నంబరులతోనే. లండనులో 1855 నాటి శాసనము తరువాత వీధులకు క్రొత్త పేర్లును, ఇండ్లకు క్రొత్త నంబరులును ఇచ్చిరి. దీనికి మన దేశమువాని చరిత్రలోనే మంచి ఉదాహరణము కలదు. పాట్నాలో జన్మించిన దీన్ మహమ్మదు 1810లో లండను నగరమున జార్జి వీధిలో 34వ నంబరు ఇంట 'హిందూస్థానీ కాఫీ హౌసు' తెఱచెను. అది పేరునకు కాఫీ హౌసైనను, హుక్కాతోను, భారతదేశపు వంటకములతోను నడచిన భోజనశాల. 1812లో అతడు దివాలా తీసెను. 2005లో నగరపాలకులు అతని స్మారకఫలకమును నెలకొల్పినపుడు దానిని అమర్చినది జార్జి వీధి 102వ నంబరు భవనముపై! నంబరు మారినను తావు మారలేదు. పాత నంబరును పట్టుకొని నేటి వీధిలో నడచువాడు వేఱొకరి గుమ్మము ముందు నిలిచి తన పూర్వుని తలచుకొనును.

ఈ చిక్కు విప్పుటకు పటములు సాధనములు. ఆర్డినెన్సు సర్వేవారి పెద్ద కొలత పటములలో పబ్లిక్ హౌసును 'పి. హెచ్.' అను పొడి అక్షరములతోను, బీరు ఇంటిని 'బి. హెచ్.' అనియు గుర్తించిరి. పట్టణముల మఱింత పెద్ద పటములలో కొన్ని యిండ్లకు పేరే వ్రాసిరి. పాత పటమును క్రొత్త పటముపై పఱచి, మారని గుర్తులైన చర్చి, వంతెన, రైలుకట్టలనుండి కొలిచినచో ఇల్లున్న తావు గజములలో తేలును. 1910 ప్రాంతమున భూమి విలువపై పన్ను వేయుటకై ఇంగ్లండు, వేల్సు దేశములంతట జరిపిన సర్వే పుస్తకములు ఇంకను విలువైనవి. క్యూ అను చోట నున్న జాతీయ భాండాగారమున వానిని చూడవచ్చును. ఇంటి యజమాని ఎవరు, అద్దెదారు ఎవరు, గదులెన్ని, కప్పు ఎట్టిది, మరమ్మతు ఎట్లున్నది, విలువ యెంత, అన్నియు అధికారి చేవ్రాతలో ఉండును. పడిపోయిన యింటిలో మనము మరల నడచి తిరిగినట్లుండును.

యజమాని, అద్దెదారు అంటిమి. ఈ భేదము ముఖ్యమైనది. పందొమ్మిదవ శతాబ్దము చివరికి పబ్బులలో పెక్కింటిని బీరు కాచు కంపెనీలే కొనివేసినవి. ముత్తాత "పబ్బు నడిపెను" అన్న మాట నిజమే కాని, "పబ్బు ఆయనదే" అనుట తఱచుగా నిజము కాదు. ఆ కంపెనీ సరుకు తప్ప వేఱొకటి అమ్మగూడదను షరతుపై ఆయన అద్దెకుండెను. అపుడు జాడ తీయవలసినది ఆ కంపెనీల ఆస్తి పుస్తకములలో. ఇంటిలోని సామానుల సంగతి తెలియుటకు మరణశాసనములు, అగ్నిభీమా రిజిస్టరులు ఉపకరించును. 1710లో స్థాపితమైన సన్ అగ్నిభీమా సంస్థ రిజిస్టరులు లండను భాండాగారమున వరుసగా కలవు. దుస్తులకు ఇంత, వెండిపాత్రలకు ఇంత, సరుకునకు ఇంత యని విడివిడిగా వ్రాసిన ఆ పద్దులలో ఒక కుటుంబపు కలిమిలేములు కన్నులకు గట్టును.

ఈ కాగితములన్నిటిలో మా మనస్సునకు మిక్కిలి తాకునది స్త్రీల వృత్తాంతము. ఆ కాలమున పేదయింటి ఆడుదాని పేరు పెండ్లి పుస్తకమునందును, సమాధి పుస్తకమునందును తప్ప అన్యత్ర కానరాదు. పానగృహము దీనికి అపవాదము. భర్త మరణించినచో లైసెన్సు విధవకు మారుట వాడుక. రిజిస్టరులో ఒక యేడు భర్త పేరు, మఱుసటి యేడు భార్య పేరు. ఆ చిన్న మార్పు వెనుక ఒక స్త్రీ బిడ్డలను, పీపాలను, అప్పులవారిని, అల్లరి త్రాగుబోతులను ఒంటిచేతితో ఎదుర్కొనిన సంవత్సరములు కలవు. పదునెనిమిదవ శతాబ్దపు మతప్రవక్తలలో మేటియైన జార్జి విట్‌ఫీల్డు 1714లో గ్లాస్టరు నగరమున బెల్ ఇన్ అను బసలో జన్మించెను. అతనికి రెండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. ఆ బసను తల్లియే నడిపెను. తాను పిల్లవానిగ నీలిరంగు వస్త్రము నడుమున కట్టుకొని నేల తుడిచి, అతిథులకు పరిచర్య చేసితినని అతడే తన జీవితకథలో చెప్పుకొనెను. నేడా భవనము లేదు. వేలాది జనులను మైదానములలో కదలించిన ఆ వక్త బాల్యమును తెలియగోరువాడు ఒక విధవరాలి లైసెన్సు చుట్టును తిరుగవలసినదే. ప్రసిద్ధుల తల్లులకే కాదు, పేరులేని వేలాది తల్లులకును ఆ రిజిస్టరులే శిలాశాసనములు.

ఇల్లెట్లు మాయమయ్యెనో తెలిసికొనుటయు జాడ తీయుటలో భాగమే. మద్యనిషేధోద్యమము బలపడిన కాలమున 1904లో ఒక శాసనము వచ్చినది. ఒక ప్రాంతమున అవసరమునకు మించి పబ్బులున్నచో మేజిస్ట్రేటులు కొన్నింటి లైసెన్సు నిలిపివేయవచ్చును. నష్టపరిహారమును మిగిలిన పబ్బులనుండి వసూలు చేసిన నిధినుండి చెల్లింపవలెను. దీని ఫలితముగా వేలకొలది యిండ్లు మూతపడినవి. పరిహారము ఎవరికెంత యను తగవు తీర్చుటకై వ్రాసిన కాగితములలో ఆ యింటి చివరి సంవత్సరముల వ్యాపారమంతయు నమోదై యుండును. పిదప 1940–41లో బాంబుల వర్షము. లండను కౌంటీ అధికారులు నష్టపడిన యిండ్లకు పటములపై రంగులు వేసిరి. పూర్తిగా నేలమట్టమైన దానికి నలుపు, బాగుచేయ వీలులేని దానికి ఊదా, అట్లే క్రమముగా స్వల్పనష్టమునకు పసుపు. ఒక కుటుంబము నూఱేండ్లు వెలిగించిన దీపము ఒక పటముపై నల్లని చుక్కగా మిగులుట చూచినవారికి చరిత్ర యనగా ఏమో వేఱుగ చెప్పనక్కరలేదు. యుద్ధానంతరము మురికివాడల తొలగింపు, రహదారుల వెడల్పు మఱికొన్నింటిని మ్రింగినవి. ఈ శతాబ్దమునను ఆ క్షయము ఆగలేదు. 2000 నాటికి బ్రిటనులో సుమారు 60 వేల పబ్బులుండగా, 2022 నాటికి అవి సుమారు 46 వేలకు తగ్గినవి.

కాగితములో వ్రాసియుండుట వలన ఏమి ఒరుగునని అడుగువారికి లండనులోని కార్ల్‌టన్ టావర్న్ కథ చాలును. 1920–21లో కట్టిన ఆ పబ్బును చారిత్రక కట్టడముగా రక్షింపవలెనని ఆలోచన జరుగుచుండగనే, 2015 ఏప్రిలులో అనుమతి లేకుండ పడగొట్టిరి. పేటవారు ఊరకుండలేదు. ఇటుకకు ఇటుక పూర్వమువలె మరల కట్టవలెనని నగరపాలకులు ఉత్తరువు చేసిరి. 2021లో ఆ యిల్లు మరల తలుపులు తెఱచినది. రక్షణ విషయమై ముందే దానిని పరిశీలించి వివరములు వ్రాసియుంచిరి గనుకనే అది సాధ్యమైనది. వ్రాసియుంచిన యిల్లు కూలినను లేచును. వ్రాయని యిల్లు నిలిచియుండగనే మఱపునపడును.

కుటుంబపు నోటిమాటకును, కాగితమునకును పొంతన కుదరని సందర్భములు తఱచు వచ్చును. తాతలనాటి గొప్ప బస యని వినుచువచ్చినది తీరా చూడగా ఒక గదిలో నడచిన బీరు ఇల్లని తేలును. ముప్పదియేండ్లు నడిపెనన్నది మూడేండ్లగును. వ్యాపారము వృద్ధియై అమ్ముకొనెనన్నది 'లండన్ గెజిటు'లో దివాలా ప్రకటనగా కనబడును. అపుడు వెదకువాడు ఏమి చేయవలెను? దొరకినదానిని దొరకినట్లే వ్రాసికొనవలెనని మా మనవి. కథలోని గొప్పతనము పోయినను, మనిషి దక్కినాడు. రెండు గినీలు అప్పుచేసి తెచ్చి, పగలంతయు కొలిమివద్ద నిలిచి, రాత్రి పీపా యొద్ద నిలిచి, ఓడిపోయి, మరల కూలికి పోయిన మనిషి, కల్పించుకొన్న ధనవంతునికంటె మనకు దగ్గఱివాడు. నోటిమాటను పూర్తిగా త్రోసివేయుటయు తగదు. ఊరిపేరు తప్పైనను పలకపేరు నిజము కావచ్చును, తాత బదులు తాత అన్నగారు కావచ్చును. నోటిమాట దారి చూపును, కాగితము ఇల్లు చేర్చును.

ఇంతకును ఇది పరదేశపు ముచ్చటయే యైనను, మన శ్రోతలకును ఇందు పనికివచ్చు పాఠము కలదు. ఓరుగల్లులోని పూటకూళ్ళ ఇంటిని 'క్రీడాభిరామము' వర్ణించినది. ఇంగ్లండున బీరు శాసనము వచ్చిన 1830లోనే ఏనుగుల వీరాస్వామయ్యగారు మదరాసునుండి కాశీకి బయలుదేరి, దారిలోని మజిలీలను, సత్రములను తమ యాత్రాచరిత్రలో వ్రాసియుంచిరి. 1858లో నియమితమైన ఇనాము కమిషను వారి రిజిస్టరులలో సత్రములకు పూర్వులిచ్చిన మాన్యముల వివరములు కలవు. "మా అవ్వ పూటకూళ్ళ ఇల్లు నడిపెను", "మా తాతగారు సత్రము కట్టించిరి" అను మాట ఏ యింటనైన వినబడినచో, పైన చెప్పిన సూత్రమే వర్తించును. పేరు, ఊరు, కాలము ముందుగా స్థిరపఱచుకొని, పిదప పుస్తకమునకు పోవలెను.

ఈ పనిలో ఆలస్యము చేయరాని అంగమొకటి కలదు. భాండాగారములోని కాగితము రేపటికిని ఉండును, ఎల్లుండికిని ఉండును. ఇంటిలోని ముసలివారి జ్ఞాపకము అట్లుండదు. పలకపై బొమ్మ ఏది, గుమ్మము ఏ దిక్కునకుండెను, ప్రక్కనున్న దుకాణమెవరిది, ఈ మూడు ప్రశ్నలైనను వారినడిగి, వారు చెప్పినది చెప్పినట్లు, తేదీవేసి వ్రాసికొన్నవారు సగము దారి నడచినట్లే. తక్కిన సగము దారిని కాగితములు చూపగలవు.